సైరన్ మనది కాదు

నేను రిటైరై రెండేళ్లయింది. నా కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న అమ్మాయి పోయిన వారం ఫోన్ చేసింది. ఆటల గదికి సున్నం వేయిస్తున్నారట. "దీదీ, తలుపు వెనకాల గోడ మీద ఎర్ర పెయింటుతో ఏదో రాసుంది. బెంగాలీలో ఒకసారి, హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. సైరన్ మనది కాదు అని. దాని మీద కూడా సున్నం కొట్టించెయ్యనా?" అని అడిగింది.

వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పబోయి, సగంలో నాకే నవ్వొచ్చి ఆపేశాను. రాసి పంపిస్తానన్నాను. ఇదే అది. ఆ అమ్మాయి కోసం మొదలుపెట్టాను గానీ, చిన్న కాలేజీల్లో ఆటలు నేర్పే ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న పిల్లలు ఎవరైనా చదువుకోవచ్చు. ఎవరి పేర్లూ మాత్రం రాయను. ఇందులోవాళ్లు చాలామంది ఇంకా ఖరగ్‌పూర్‌లోనే ఉన్నారు, బజార్లో కనబడితే నన్ను నిలదీస్తారు.

మా తాత శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. మా నాన్న అదే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను ఇనుము వదిలి బంతి పట్టుకున్నాను. ఊరి చివర ఉన్న చిన్న కాలేజీలో ఆటల టీచరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. అక్కడ అందరికీ నేను గేమ్స్ దీదీని.

ఆడటానికైతే మా మగపిల్లలకి క్రికెట్టు తప్ప ఇంకేదీ పట్టదు. నా ఉద్యోగం చివరి రోజుల్లో నేను పట్టుబట్టి తయారుచేసింది ఆడపిల్లల ఫుట్‌బాల్ టీము. ఖరగ్‌పూర్‌లో ఫుట్‌బాల్ అంటే చెవి కోసుకోని మనిషి లేడు. కానీ ఆ పిచ్చి అంతా మగవాళ్ల ఆట చూడటం వరకే. కూతురు నిక్కరు వేసుకుని మైదానంలో పరిగెడుతుందంటే అదే మనిషి మొహం మాడ్చుకుంటాడు. నేను రైల్వే క్వార్టర్ల వెంటా, పూరీ గేట్ దగ్గర వీధుల వెంటా, సుభాష్‌పల్లిలోనూ ఇల్లిల్లూ తిరిగాను. తండ్రులు డ్యూటీలో ఉండే సమయం చూసుకునే వెళ్లేదాన్ని. తల్లులతో మాట్లాడటం తేలిక.

తల్లులు తెలుగువాళ్లైనా బెంగాలీలైనా ఒకే షరతు పెట్టారు. మా గోల్‌కీపర్ తల్లి అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఆడుకోనీండమ్మా, నానేటీ అనను. గానీ సైరన్ మోగీసరికి ఆట ఆగిపోవాల. ఆయన ఇంటికొచ్చీసరికి గుంట ఇంట్లో ఉండాల, టీ పొయ్యి మీద ఉండాల."

తెలియనివాళ్ల కోసం చెప్తాను. వర్క్‌షాపులో పని ముగిసినట్టు సాయంత్రం నాలుగున్నరకి సైరన్ మోగుతుంది. ఊరంతా వినబడుతుంది. మా ఊళ్లో గడియారం చూసుకునేవాళ్లకన్నా సైరన్ చూసుకునేవాళ్లే ఎక్కువ. అది మోగిన కాసేపటికి గేట్ల నుంచి సైకిళ్లూ బైకులూ బయటికొస్తాయి. మా మైదానం గోడ పక్క నుంచే ఆ రోడ్డు. అంటే సైరన్‌కీ, మొదటి తండ్రి మా గోడ దాటడానికీ మధ్య నాకున్నది నాలుగైదు నిమిషాలు.

ఆ నాలుగైదు నిమిషాల కోసం నేను పిల్లలకి ఒక పద్ధతి నేర్పాను. సైరన్ వినబడగానే ఎక్కడి వాళ్లు అక్కడ ఆగిపోవాలి. బంతి ఎక్కడుంటే అక్కడే వదిలెయ్యాలి. బ్యాగులన్నీ ఒక గోల్ వెనకాల వరసగా పెట్టి ఉంటాయి. పరిగెత్తి, నిక్కరు మీదే సల్వారు తొడుక్కుని, కుళాయి దగ్గర కాళ్ల మట్టి కడుక్కుని, వెనక గేటులోంచి బయటపడాలి. మొదట్లో పది నిమిషాలు పట్టేది. సాధన చేయించి చేయించి మూడు నిమిషాలకి తెచ్చాను. నిజం చెప్పాలంటే నేను వాళ్లకి నేర్పిన వాటన్నిటిలో ఒక్కసారి కూడా పొరపాటు లేకుండా చేసేది అదొక్కటే.

మా మైదానాన్ని చూసుకునే మాలీ ఒకాయన ఉండేవాడు. వాళ్లది విజయనగరం వైపు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. కాలేజీవాళ్లు ఆయన్ని ఎప్పుడో రిటైర్ చేశారు, ఆయన మాత్రం కాలేజీని రిటైర్ చెయ్యలేదు. రోజూ వచ్చి సున్నంతో గీతలు గీసేవాడు. పిల్లలు సల్వార్లు తొడుక్కుంటుంటే వెనక్కి తిరిగి నిలబడి, "ఎల్లండెల్లండి, మీ అయ్యలొచ్చేత్తన్నారు" అని తొందరపెట్టేవాడు.

ఇక అవతలి పక్షం గురించి. రాష్ట్రంలోని కాలేజీల మధ్య ఏటా ఒక నాకౌట్ టోర్నమెంటు జరుగుతుంది. మూడేళ్లు వరసగా మొదటి రౌండ్లోనే మాకు కలకత్తాలోని ఒక పెద్ద కాలేజీతో పడింది. చీటీలు తీస్తామనే చెప్తారు గానీ, మాలాంటి వాళ్లని పెద్దవాళ్లకి మొదటి మేతగా వేస్తారని నా అనుమానం. వాళ్లకి సొంత మైదానం, సొంత బస్సు, ఇద్దరు కోచ్‌లు. వాళ్ల పిల్లల్లో నలుగురైదుగురు రాష్ట్రం తరఫున ఆడినవాళ్లు. మా టీముకి మంచి బూట్లు ఏడు జతలు. మిగతావాళ్లు ఎవరివి సరిపోతే వాళ్లవి తొడుక్కునేవారు.

మొదటి ఏడాది తొమ్మిది గోల్స్ తిన్నాం. తొమ్మిది తిన్నందుకు నాకు బాధ లేదు. ఆట అయ్యాక వాళ్ల పెద్ద కోచ్, ఎప్పుడూ టోపీతో ఉండే మనిషి, నా దగ్గరికి వచ్చి "భాలో, భాలో, మీ పిల్లలు బాగా పరిగెడతారు" అన్నాడు. అప్పుడే మైదానం అవతల పక్కన ఇంకో పదిహేను మంది అమ్మాయిలు మాకు వీపు పెట్టి ఒళ్లు సాగదీసుకుంటున్నారు. వాళ్లెవరని అడిగాను. "మా అసలు టీము. మీరు ఖాళీ చెయ్యగానే వాళ్లు ప్రాక్టీసు మొదలుపెడతారు" అన్నాడు చాలా మామూలుగా. మేం తొమ్మిది తిన్నది వాళ్ల రెండో టీము చేతిలో.

తిరుగు రైల్లో మా కెప్టెన్ అడిగింది. ఆమె ఊరు ఖరగ్‌పూర్‌కి దూరంగా అడవి పక్క పల్లె, సంతాలీ అమ్మాయి, రోజూ బస్సులో వచ్చేది. ఎక్కువ మాట్లాడదు. "దీదీ, అసలు వాళ్లు ఎలా ఆడతారో?" అంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

రెండో ఏడాది అయిదు తిన్నాం, మూడో ఏడాది రెండే. మూడుసార్లూ వచ్చింది రెండో టీమే. అప్పటికి నాకు ఒక్కటే పట్టుదల మిగిలింది. పిల్లలతో దాపరికం లేకుండా చెప్పాను. "నాకు ఇంకో ఏడాదే సర్వీసుంది. గెలుస్తామో లేదో నాకు తెలీదు. వాళ్ల అసలు పదకొండు మందీ ఒక్కసారి మన ముందుకొచ్చి నిలబడాలి. నేను అడుగుతున్నది అంతే." పిల్లలు నవ్వలేదు. ఆ రోజు నుంచి అది వాళ్ల పట్టుదల కూడా అయింది.

తొమ్మిది రెండుకి దిగడానికి సగం కారణం మా గోల్‌కీపర్. రెండో ఏడు వచ్చి చేరింది. పొడగరి, చేతులు పొడుగు, తెలుగు పిల్ల. తండ్రి వర్క్‌షాపులో వీల్ షాపు మనిషి. మిగతా తండ్రుల్లో కొందరికి సంగతి తెలిసీ తెలియనట్టు ఉండేవారు. ఈయనకి మాత్రం నిజంగానే తెలీదు. కలకత్తా వెళ్లాల్సి వచ్చినప్పుడు తల్లి "కాలేజీ టూరు" అని చెప్పేది. ఆయన దృష్టిలో మా కాలేజీ ఏటా పిల్లల్ని తీసుకెళ్లి అదే మ్యూజియం చూపించే కాలేజీ. "నాన్నకి తెలిస్తే ఆ రోజుతో సరి దీదీ" అనేది ఆ పిల్ల. సైరన్‌కి అందరికంటే ముందు బ్యాగు అందుకునేది కూడా ఆమే.

నాలుగో ఏడు మళ్లీ వాళ్లతోనే పడింది. కానీ వాళ్ల మైదానం తవ్వి కొత్త గడ్డి వేస్తున్నారట, అందుకని ఆట మా దగ్గర పెట్టారు. వాళ్లు ఖరగ్‌పూర్ రావడం! మా ప్రిన్సిపాల్ గారు బెంగాలీ పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఆ కబురు విన్నప్పటి నుంచి ఆయనకి కాలు నిలవలేదు. గడ్డి కోయించారు, గోడకి రంగు వేయించారు, నన్ను పిలిచి "దీదీ, రెండుకి మించకుండా చూడండి, కాలేజీ పరువు" అని బతిమాలారు.

నేను మధ్యాహ్నం రెండున్నరకి ఆట అని రాసి పంపాను. సగానికి ముప్పై అయిదు నిమిషాలు, మధ్యలో పది నిమిషాల విరామం. నాలుగు కాకుండానే అయిపోతుంది. సైరన్‌కి ఇంకా అరగంట పైనే ఉంటుంది. కాగితం మీద నా లెక్క చక్కగా ఉంది.

రైలు ఆలస్యమైంది. వాళ్లు మైదానానికి చేరేసరికి మూడు కావస్తోంది. నేను గేటు దగ్గర నిలబడి, స్టేషన్ నుంచి వాళ్లని తెచ్చిన బస్సులోంచి దిగుతున్న ఒక్కొక్క మొహమూ చూశాను. అవే మొహాలు. రెండో టీము. టోపీ ఆయన దిగి, నా చూపు అర్థమైనట్టు, "అసలు టీముకి రేపు వేరే పెద్ద మ్యాచ్ ఉంది దీదీ, ఏమనుకోకండి" అన్నాడు. ఠీక్ హై అన్నాను. లోపల ఒళ్లు మండిపోయింది.

ఆ మంటలో నేను చెయ్యాల్సిన పని ఒకటి మర్చిపోయాను. ఆట మూడుంపావుకి మొదలుపెడుతున్నాం కదా, లెక్క మళ్లీ వేసుకోవాలి కదా. వేసుకోలేదు. బాబాయ్ సున్నం బకెట్టుతో వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, సైరన్ మద్దిలో పడతాది."

"ఇప్పుడు సైరన్ గొడవేంటి బాబాయ్, అక్కడ గీత చెరిగిపోయింది చూడు" అని విసుక్కున్నాను. పాపం, బకెట్టు తీసుకుని వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్లలో ఎన్నో తప్పులు చేశాను. ఆ విసుగు అంత ఖరీదైనది ఇంకోటి లేదు.

మొదటి సగంలో గోల్స్ లేవు. వాళ్ల పిల్లలు నింపాదిగా ఆడారు, ఎప్పుడైనా కొట్టొచ్చులే అన్నట్టు. మా గోల్‌కీపర్ నాలుగు బంతులు ఆపింది. రెండో సగం మొదలైన పది నిమిషాలకి మా కెప్టెన్ మధ్య గీత దగ్గర బంతి అందుకుని, ఇద్దరిని దాటించి, మూడో అమ్మాయి అడ్డం వచ్చేలోపు ఎడమ కాలితో కొట్టింది. బంతి స్తంభానికి తగిలి లోపలికి వెళ్లింది. ఒక్క క్షణం ఎవరూ అరవలేదు. మాకు అలవాటు లేదు కదా. తర్వాత ప్రిన్సిపాల్ గారే మొదట అరిచారు.

టోపీ ఆయన కుర్చీలోంచి లేచాడు. అప్పటి నుంచి వాళ్ల ఆట మారింది. నింపాది పోయింది. మా వాళ్లు మాత్రం వంగలేదు. నేను చేతి గడియారం ఎన్నిసార్లు చూసుకున్నానో నాకే తెలీదు. ముళ్లు చూస్తున్నాను గానీ ఎన్నయిందో చూడటం లేదు. ఇంకా ఎంతసేపుందన్నదే నా ధ్యాసంతా. పది నిమిషాలు. ఎనిమిది. ఆరు.

సైరన్ మోగింది.

నేను నేర్పిందంతా నా కళ్ల ముందే జరిగిపోయింది. మా పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. బంతి కాళ్ల దగ్గరున్న అమ్మాయి దాన్ని చక్కగా అక్కడే వదిలేసింది. గోల్‌కీపర్ వెనక్కి తిరిగి, వల పక్క నుంచి బ్యాగు వైపు పరిగెత్తింది. ఒక్క కెప్టెన్ మాత్రం ఆగలేదు. ఆమె ఊళ్లో సైరన్ లేదు. "బంతి! బంతి!" అని అరుస్తూ ఒక్కత్తే వెనక్కి పరిగెత్తింది. ఆ బంతి దగ్గరున్న కలకత్తా అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. అటూ ఇటూ చూసింది, రిఫరీ వైపు చూసింది. విజిల్ లేదు. ఖాళీ గోల్‌లోకి బంతిని మెల్లగా తన్నింది.

మా ప్రిన్సిపాల్ గారు వెళ్లి నాలుగు నిమిషాలు వాదించారు, రిఫరీ గడియారం ఆపి అంతా విని, గోల్ ఇచ్చాడు. ఆయన తప్పేం లేదు, విజిల్ వెయ్యకుండా ఆట ఆపెయ్యమని ఎవరు చెప్పారు? నేను చెప్పాను. మూడేళ్లుగా రోజూ చెప్పాను. బాబాయ్ బకెట్టు కింద పెట్టి, తల పట్టుకుని, గీత మీదే చతికిలబడ్డాడు.

నేను గోల్ వెనక్కి పరిగెత్తాను. ఆ పిల్ల సల్వారులో ఒక కాలు దూర్చి అలాగే ఆగిపోయి ఉంది. ఏం చేసిందో అప్పుడే తెలిసొచ్చినట్టుంది, మొహం పాలిపోయింది. ఏడుపు కూడా రావడం లేదు. నేను ఏదో అనేలోపు ఆమె చూపు నన్ను దాటి గోడ వైపు వెళ్లింది.

గోడ అవతల రోడ్డు మీద అప్పటికే సైకిళ్లు ఆగుతున్నాయి. మా మైదానంలో జనం, కేకలు, కలకత్తా టీము. ఖరగ్‌పూర్ మగవాడు ఫుట్‌బాల్ చూసి ఆగకుండా వెళ్లగలడా? గోడ మీద మోచేతులు ఆనించి వరసగా నిలబడుతున్నారు. వాళ్లలో బైకు మీద కూర్చునే, ముందు నుంచీ చూస్తున్న పక్కవాణ్ని ఏమైందని అడుగుతూ తొంగిచూస్తున్న మనిషి ఆమె తండ్రి.

"దీదీ, నాన్న" అంది.

ఇక్కడ నేను ఏదో గొప్ప మాట చెప్పానని రాసుకోవాలని ఉంది. చెప్పలేదు. ఆమె తల్లికి ఇచ్చిన మాట ఒక పక్క, మైదానం ఒక పక్క. "ఇంకా అయిదు నిమిషాలుంది. వెళ్తానంటే వెళ్లిపో తల్లీ, నేనేం అనుకోను" అన్నాను. ఉండిపో అని నా మనసు అరుస్తూనే ఉంది. పైకి మాత్రం అనలేకపోయాను.

ఆమె ఇంకా నిలబడే ఉంది, ఒక కాలు సల్వారులో, ఒక కాలు బయట. అప్పుడు గోడ మీంచి కేక వినబడింది.

"ఓలె! బంతి ఒగ్గీసి బేగు కోసం పరిగెడతావేటే? సైరన్ మాది! మీకేటి సైరన్?"

గోడ మీద ఉన్నవాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. పక్కనున్న బెంగాలీ ఆయన, ఏమన్నావు దాదా అని అడుగుతున్నాడు. ఆయన అతనికి జవాబు చెప్పకుండా ఇంకా కూతురి మీదే అరుస్తున్నాడు. "సూత్తావేటే, ఎల్లు! గోల్ ఖాళీగా ఉంది!"

పిల్ల సల్వారులోంచి కాలు లాగేసింది. ఆ హడావుడిలో అది చిరిగింది కూడా. గ్లౌజులు సర్దుకుని గోల్‌లోకి వెళ్లి నిలబడింది. ఆ చివరి అయిదు నిమిషాలూ వాళ్లు మా సగంలోనే ఉన్నారు. రెండు ఆపింది. మూడోది పైకి, కుడి మూలకి వెళ్తున్న బంతి. అంత ఎత్తుకి ఆమె చెయ్యి వెళ్తుందని నేను అనుకోలేదు. వేళ్ల చివర తగిలి బయటికి పోయింది. గోడ మీద నుంచి వచ్చిన అరుపుకి నా చెవులు గింగుర్లెత్తాయి. రిఫరీ విజిల్ వేశాడు. ఒకటికి ఒకటి.

తండ్రి బైకు నడిపించుకుంటూ లోపలికి వచ్చాడు. కూతురి మొహం చూడలేదు, చేతులు చూశాడు. "గ్లౌజు పెద్దయిపోనాయి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మీరు ఫిట్టరు గారి అమ్మాయి గదా. మీ నాన్నగారి కిందే నాను పని నేర్సినాను. ఆయన కూతురయ్యుండి నా దగ్గిర దాసినారా?"

"దాచాను. తప్పే" అన్నాను.

"నాను ఒద్దంటాననుకున్నారు."

"అనేవారు కాదా?"

ఆయన బైకుకి స్టాండు వేశాడు. "అనేవోణ్నే" అన్నాడు. "సూడకముందైతే అనేవోణ్నే." ఆ మనిషి నిజాయితీకి నాకు చచ్చేంత ముచ్చటేసింది.

అక్కడికి టోపీ ఆయన వచ్చాడు. ఆయన వెనకాల ఆ గోల్ కొట్టిన అమ్మాయి ఉంది, తల వంచుకుని. "దీదీ, మీ పిల్లలకి ఏమైంది? ఎందుకలా ఆగిపోయారు?" అని అడిగాడు. దాచేందుకు ఇంకేం మిగల్లేదు. తల్లుల షరతు, సల్వార్లు, కుళాయి, మూడు నిమిషాలు, అన్నీ చెప్పేశాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మీ సైరన్ ఎన్నింటికి?" అన్నాడు.

"నాలుగున్నరకి."

జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. మొదటి రౌండ్లో డ్రా అయితే వారంలోపు అదే మైదానంలో మళ్లీ ఆడాలన్నది ఆ టోర్నమెంటు రూలు. తేదీ అనుకుని వెళ్లిపోయారు.

మర్నాడు ప్రాక్టీసుకి నేను వెళ్లేసరికి పిల్లలు ఆటల గది తలుపు వెనక్కి చేరి కిచకిచలాడుతున్నారు. జెండాలకి వేయగా మిగిలిన ఎర్ర పెయింటు బాబాయ్ తెచ్చి ఇచ్చాడట. ఆ గోడ మీద మూడు లిపుల్లో రాసేశారు. తెలుగు ముక్క గోల్‌కీపర్‌ది, ఇంట్లో మాట్లాడటమే గానీ బళ్లో రాయడం నేర్చుకోలేదు, అందుకే అక్షరాలు వంకర. కాలేజీ గోడ పాడుచేసినందుకు తిట్టాల్సిన దాన్ని, నేను కూడా నిలబడి చదువుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత ఝపటాపూర్‌లో ఒక చిన్న కొట్లో బూట్ల లేసులు బేరమాడుతున్నాను. ఫోన్ మోగింది. టోపీ ఆయన నుంచి మెసేజి. పదకొండు పేర్లు. మొదటి పేరు చదివాను, రెండోది చదివాను. పేపర్లో చూసిన పేర్లు. రాష్ట్రం తరఫున ఆడిన పేర్లు. పదకొండూ అవే. రెండో టీము అమ్మాయి ఒక్కత్తి కూడా లేదు. కింద బెంగాలీలో రెండు ముక్కలు రాశాడు. "ఆట రెండు గంటలకే మొదలుపెడదాం దీదీ, సైరన్ లోపు ముగిసిపోవాలి. రైలుని నమ్ముకోం, ముందురోజే వచ్చేస్తాం. ఆ గోల్ నాకు అరగలేదు."

ఎన్నిసార్లు చదివానో గుర్తు లేదు. కొట్టువాడు భయపడ్డాడు. "దీదీ, లేసులు నచ్చకపోతే వేరేవి చూపిస్తాను, ఏడవకండి" అన్నాడు.

వాళ్లు చెప్పినట్టే ముందురోజే వచ్చారు. మాతో ఆడటానికి, ముందురోజు.

ఆ మ్యాచ్ గురించి ఎక్కువ రాయడానికి ఏమీ లేదు. మూడు గోల్స్ తిన్నాం, ఒక్కటీ కొట్టలేకపోయాం. అసలు వాళ్లు ఎలా ఆడతారో మా కెప్టెన్‌కి తెలిసింది. మూడో గోల్ తర్వాతైనా వాళ్లు ఎవరినీ మార్చలేదు, వేగం తగ్గించలేదు, మమ్మల్ని చిన్నపిల్లల్లా చూడలేదు. చివరి నిమిషంలో కూడా వాళ్ల పేరున్న అమ్మాయి మా కెప్టెన్ కాలి దగ్గర్నుంచి బంతి లాక్కోవడానికి నేల మీద జారింది, మోకాలు దోక్కుపోయింది. అది చూసి నాకు కలిగిన సంతోషం నేనెవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకే చెప్తున్నాను.

గోడ అవతల కాదు, గోడ ఇవతలే, గీత పక్కనే గోల్‌కీపర్ తండ్రి నిలబడ్డాడు. పెళ్లిళ్లకి కూడా సెలవు పెట్టడానికి గొణిగే మనిషి, హాఫ్ డే పెట్టి వచ్చాడు. ఆటంతా కూతురికి సలహాలు అరుస్తూనే ఉన్నాడు. ఆమె ఒక్కటీ వినలేదు. అన్నీ ఆపలేకపోయింది గానీ ఆపినవి లెక్కపెట్టడం నేను మధ్యలో మానేశాను.

పిల్లలూ, ఈ ఉద్యోగంలో మీరు వేయి విషయాలు నేర్పుతారు. ఏది వాళ్ల ఒంట్లో దిగిపోతుందో మీకు ముందే తెలీదు. నేను ఎదురుదాడి నేర్పాను, ఆఫ్‌సైడ్ నేర్పాను, అవి సగమే వంటబట్టాయి. భయంతో నేర్పింది మాత్రం పూర్తిగా అంటింది. తల్లులకి నేనిచ్చిన మాట మంచి మనసుతోనే ఇచ్చాను. ఆ గోడ దగ్గరికి వెళ్లి ఆ తండ్రులతో ఒక్కసారి మాట్లాడి ఉండాల్సింది. మూడేళ్లలో నాకు ఆ ధైర్యం రాలేదు. రోడ్డున పోతున్నవాడు బైకు ఆపి ఆ పని నాకు చేసిపెట్టాడు.

ఆట అయ్యాక రెండు టీములూ గడ్డి మీద కలిసి కూర్చున్నాయి. ప్రిన్సిపాల్ గారు ముఢీ, సింగాడాలు తెప్పించారు, మన మరమరాలూ సమోసాలే. వాళ్ల అసలు టీము అమ్మాయిలు మా గోల్‌కీపర్ చేతులు పట్టుకుని కొలిచి చూస్తున్నారు. టోపీ ఆయన మా కెప్టెన్‌కి ఏదో చెప్తున్నాడు, ఆమె తల ఊపుతోంది. బాబాయ్ అందరికీ టీ పోస్తున్నాడు. ఎవరికీ ఎక్కడికీ వెళ్లాలన్న తొందర లేదు.

నాలుగున్నరకి సైరన్ మోగింది.

మా పిల్లలు ఒక్కరు కూడా కదల్లేదు. మాట్లాడుతున్నవాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు. తింటున్నవాళ్లు తింటూనే ఉన్నారు. లేచి నిలబడింది నేనొక్కదాన్నే, చేతిలో ముఢీ పొట్లంతో, బ్యాగులు ఎక్కడున్నాయా అని వెతుక్కుంటూ.

గోల్‌కీపర్ నా చీర కుచ్చిళ్లు పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చోండి దీదీ," అంది. "మనది కాదు."

కూర్చున్నాను.